ఖండన వచ్చిన నాడు: మతం మీద పరిశోధన రాసేవారి కోసం

2003లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ శివాజీ మీద జేమ్స్ లేన్ రాసిన చిన్న పుస్తకాన్ని వేసింది. పుస్తకమంతా ఒక ఎత్తు, అందులో ఒక్క వాక్యం ఒక ఎత్తు అయి కూర్చుంది. శివాజీ పుట్టుక గురించి మహారాష్ట్రలో జనం చెప్పుకుంటారంటూ ఒక మొరటు పరిహాసాన్ని రచయిత అందులో ఎక్కించాడు. చెప్పుకున్నదెవరు, ఎక్కడ, ఏ రికార్డులో ఉంది అన్నది ఆ వాక్యంలో లేదు. నవంబరులో ప్రచురణకర్తలు పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. డిసెంబరులో పుణేలో ఒక సంస్కృత పండితుడి ముఖానికి నల్లరంగు పూశారు. ఆయన చేసిన నేరమల్లా కృతజ్ఞతల జాబితాలో పేరుండడం. 2004 జనవరి 5న భండార్కర్ ప్రాచ్య పరిశోధనా సంస్థ మీద మూక పడి పుస్తకాలు, ప్రతులు ధ్వంసం చేసింది. ఆ సంస్థ పేరూ ఆ జాబితాలోదే. రచయిత మాత్రం అమెరికాలో, మినసోటాలో ఉన్నాడు.

కోర్టుల్లో వ్యవహారం పుస్తకం వైపే తేలింది. 2007లో సుప్రీంకోర్టు క్రిమినల్ కేసును కొట్టేసింది, అదే ఏడాది మహారాష్ట్ర ప్రభుత్వం పెట్టిన నిషేధాన్ని బొంబాయి హైకోర్టు ఎత్తేసింది, 2010 జులైలో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అయినా ఆ ఒక్క వాక్యానికి ఆధారం మాత్రం ఎవరూ చూపలేకపోయారు.

మతం మీద రాసేవారు విమర్శ ముందు చేసే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. శ్లోకం తప్పు చదివారని, శాసనం తేదీ తప్పని ఎవరైనా చూపిస్తే పట్టుదలకు పోతారు. పదిమంది ఇంటి ముందుకు వచ్చి అరిస్తే మాత్రం ఇరవై ఏళ్ల పరిశోధనతో తేల్చిన నిర్ణయానికి క్షమాపణ రాసిచ్చేస్తారు. ఇది తలకిందుల వ్యవహారం. పాఠదోషం దగ్గర వెంటనే తగ్గాలి, నిర్ణయం దగ్గర బెదిరింపుకు తగ్గకూడదు. ఈ తేడా పాటించాలంటే సరంజామా ముందే సిద్ధంగా ఉండాలి.

అచ్చుకు పోకముందు

మొదటి పని ఆధారాల పట్టిక. పుస్తకంలో ఒక భక్తుడు వేలుపెట్టి చూపగల ప్రతి వాక్యానికీ ఒక వరస కేటాయించండి. ఒక్కో వరసలో ఆరు గళ్లు చాలు: పుట, వాక్యం, మూలం, మూలపాఠం ఉన్నదున్నట్టుగా, అనువాదం ఎవరిది, స్థాయి. స్థాయి అంటే ఆ వాక్యానికి ఎంత బలం ఉందన్నది. ఒకటో స్థాయి: మూలంలో నేరుగా ఉంది. రెండో స్థాయి: వ్యాఖ్యాత అన్నాడు. మూడో స్థాయి: అది మీ ఊహ.

పట్టిక పూర్తయ్యాక మూడో స్థాయి వాక్యాలన్నీ విడిగా చదవండి. గొడవలు చాలావరకు ఇక్కడే పుడతాయి, ఎందుకంటే ఊహను కూడా మూలంలో ఉన్నంత ధీమాగా రాసేస్తాం. "ఉత్తరకాండ ప్రక్షిప్తం అని పండితులు తేల్చారు" అన్న వాక్యం చూడండి. ప్రక్షిప్తం అంటే తర్వాత ఎవరో చేర్చినది. చాలామంది పరిశోధకుల అభిప్రాయం అది, నిజమే. కానీ బరోడా ప్రాచ్య పరిశోధనా సంస్థ వేసిన రామాయణ సంశోధిత ముద్రణలో (రాతప్రతులు పోల్చి పరిష్కరించినది) ఉత్తరకాండ ఏడో సంపుటంగా 1975లో వచ్చింది. మీ వాక్యం శంబూకుడి మీద అధ్యాయానికి పునాది అయితే, విమర్శకుడు ఆ సంపుటం బల్ల మీద పెట్టి "తేల్చినదెవరు?" అంటాడు. "బాల, ఉత్తర కాండలు తర్వాతివని ఫలానా ఫలానా కారణాల వల్ల పలువురు పరిశోధకులు భావిస్తున్నారు" అని రాసి ఉంటే ఆ ప్రశ్నకు తావే లేదు. అట్లాగే "లక్ష్మణరేఖ రామాయణంలో లేదు" అనేది తప్పు, "వాల్మీకి రామాయణంలో లేదు" అనేది ఒప్పు. ఒక్క పేరు జారిపోతే రామాయణాలన్నీ చదివిన పాఠకుడు మిమ్మల్ని అక్కడికక్కడే పట్టేస్తాడు, ఆ తర్వాత మీరు చెప్పిన మంచి మాట కూడా నమ్మడు.

మూలం గడిలో "వాల్మీకి రామాయణం, సుందరకాండ" అని రాసి ఊరుకోకండి. పరిష్కర్త, ప్రచురణ సంస్థ, ముద్రణ సంవత్సరం, సర్గ, శ్లోకం అన్నీ ఉండాలి. ఉదాహరణకు, రాముడు మాంసం తినడం లేదని, మధువు ముట్టడం లేదని హనుమంతుడు సీతకు చెప్పే శ్లోకం. ఆహారం మీద జరిగే ప్రతి వాదంలోనూ రెండు పక్షాలవారూ లాక్కునే శ్లోకం ఇది. దక్షిణాది పాఠంలో ఇది 36వ సర్గలో ఉంటుంది, బరోడా ముద్రణలో 34వ సర్గలో. దక్షిణాది పాఠంలో సుందరకాండకు 68 సర్గలుంటే బరోడాలో 66 మరి. మీరు బరోడా సంఖ్య ఇచ్చి ముద్రణ పేరు చెప్పకపోతే, ఇంట్లో తెలుగు లిపి ప్రతి ఉన్న పాఠకుడు ఆ సర్గ తిరగేసి, శ్లోకం కనబడక, మీరు కల్పించారనే అనుకుంటాడు. తప్పు అతనిది కాదు.

ఇతర మతగ్రంథాల దగ్గర కూడా ఇదే జాగ్రత్త. హదీసు సంఖ్యలు ఒక ముద్రణకూ మరో ముద్రణకూ కలవవు, కాబట్టి సంకలనం పేరుతో పాటు గ్రంథభాగం, అధ్యాయం కూడా ఇవ్వాలి. బైబిలులోని కీర్తనల గ్రంథంలో హీబ్రూ లెక్కకూ గ్రీకు లెక్కకూ చాలాచోట్ల ఒకటి తేడా. తాళపత్రమైతే గ్రంథాలయం పేరు, ప్రతి సంఖ్య, పత్రం సంఖ్య, ముందు వైపో వెనక వైపో. శాసనమైతే సంపుటం, శాసన సంఖ్య, చదివినదెవరు. నోటి మాటైతే చెప్పినవారు, ఊరు, తేదీ, వాళ్ల అనుమతి. ఇవి లేని నోటి మాటను అచ్చుకు ఎక్కించవద్దు, అది ఎంత రసవత్తరంగా ఉన్నా సరే. లేన్ పుస్తకంలో జారిన మెట్టు ఇదే.

ప్రతి మూలానికీ మూడు ఫోటోలు తీసి పెట్టుకోండి: పుస్తకం ముఖపత్రం, ముద్రణ వివరాలున్న పుట, ఉటంకించిన పుట. గొడవ రేగాక గ్రంథాలయానికి వెళ్తే ఆ పుస్తకం చేతికి దొరకకపోవచ్చు.

తర్వాత రాతప్రతిని ఇద్దరికి చూపించాలి. ఒకరు ఆ సంప్రదాయం లోపల పెరిగి, ఆ గ్రంథం నోటికి వచ్చినవారు. మీ నిర్ణయాలు ఆయనకు నచ్చనక్కర్లేదు, నచ్చకపోతేనే మేలు. "మీరు ఒప్పుకోండి" అని అడగకండి. "నేను తప్పు చదివిన చోట్లు గుర్తు పెట్టండి, అనవసరంగా మనసు నొచ్చుకునే మాట ఉంటే దాని కింద గీత గీయండి" అని అడగండి. రెండోవారు లాయరు. ఈ ఇద్దరి పేర్లూ కృతజ్ఞతల్లో వేసే ముందు రాతపూర్వకంగా అడగండి. మొహమాటానికి ఒప్పుకున్నట్టు అనిపిస్తే వేయకండి. పుస్తకం హైదరాబాదులో అచ్చయి మీరు డల్లాస్‌లో ఉంటే ఇది మరీ ముఖ్యం. కోపం వచ్చినవారికి చేతికందేది మీరు కాదు.

పేరు, అట్ట, వెనక అట్ట మీది మాటలు మీ చేతిలో ఉండేలా ఒప్పందంలో రాయించుకోండి. పుస్తకం అక్కర్లేదు, పేరొక్కటే చాలు గొడవకు. కంచ ఐలయ్య ఆంగ్ల గ్రంథం 2009లో వచ్చింది. అందులోని ఒక అధ్యాయాన్ని 2017లో తెలుగులో చిన్న పుస్తకంగా, ఒక కులం పేరును అట్ట మీదికి ఎక్కించిన శీర్షికతో వేశాకనే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆందోళన లేచింది. నిషేధించాలన్న పిటిషన్‌ను ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది, అది వేరే సంగతి. పాల్ కోర్ట్‌రైట్ వినాయకుడి మీద రాసిన పుస్తకం 1985 నాటిది. దిల్లీ ముద్రణ 2001లో వచ్చింది, ప్రచురణకర్తలు 2003లో వెనక్కి తీసుకున్నారు. అంటే పాత పుస్తకమే కదా అని ధీమాగా ఉండడానికి లేదు. అనువాదం, భాగాల పునర్ముద్రణ, చౌక ప్రతి, వీటిలో ఏది వచ్చినా పట్టిక మళ్లీ మొదటినుంచి సరిచూడాలి.

ఒప్పందంలో ఇంకో మూడు అంశాలు అడగండి. కోర్టు ఖర్చు ఎవరిది? మీకు చెప్పకుండా ప్రచురణకర్త రాజీ పడవచ్చా? పుస్తకం వెనక్కి తీసుకుంటే హక్కులు ఎన్ని రోజుల్లో మీకు తిరిగి వస్తాయి? హిందువుల చరిత్ర మీద వెండీ డోనిగర్ రాసిన పుస్తకంపై దావాలో పెంగ్విన్ ఇండియా 2014 ఫిబ్రవరిలో రాజీ పడి, మిగిలిన ప్రతులు నాశనం చేయడానికి ఒప్పుకుంది. మరుసటి ఏడాది వేరే సంస్థ దాన్ని మళ్లీ వేసింది. హక్కులు చేతిలో లేకపోతే ఆ రెండో దారి మూసుకుపోతుంది. మామూలు ఒప్పందాల్లో "మత మనోభావాలు గాయపరచడం వల్ల కలిగే నష్టమంతా రచయిత భరించాలి" అనే వాక్యం ఒక మూల ఉంటుంది. దాన్ని కొట్టేయించండి, లేదా "కోర్టు తుది తీర్పులో దోషమని తేలితే" అనే షరతు చేర్పించండి.

విమర్శ మొదలయ్యాక: ముందు వేరు చేయడం

మొదటి మూడు రోజులు, అందిందని చెప్పే రెండు వరసలు తప్ప, ఎవరికీ జవాబు రాయకండి. ఒక రిజిస్టరు తెరిచి, వచ్చిన ప్రతి విమర్శనూ తేదీ, రాసినవారు, ఎత్తిన పుట, అడిగింది ఏమిటి అనే వివరాలతో ఎక్కించండి. పొగడ్తలూ ఎక్కించండి, తర్వాత పనికొస్తాయి.

వేరు చేయడానికి కొత్త కొలబద్ద అక్కర్లేదు. మన పాత తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలు చేశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ లేకుండా ఎదుటివాడిని పడగొట్టడానికే చేసేది వితండ. మీ రిజిస్టరులో ప్రతి వరస పక్కనా ఈ మూడింటిలో ఒకటి రాయండి. గుర్తు ఏమిటంటే, వాదం చేసేవాడు పుట సంఖ్య ఇస్తాడు, మూలం చూపిస్తాడు. జల్పం చేసేవాడు పుట సంఖ్య ఇస్తాడు కానీ ముందు వెనక వాక్యాలు కత్తిరిస్తాడు. వితండవాది పుస్తకం తెరవనే తెరవడు, మీ కులం, మీ జీతం, మీ విదేశీ ప్రయాణాల గురించి మాట్లాడతాడు. ఈ మూడింటికీ బయట నాలుగోది బెదిరింపు. అది విమర్శ కాదు కాబట్టి రిజిస్టరులో వద్దు, దానికి వేరే ఫైలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మాట కటువుగా ఉన్నంత మాత్రాన వితండ కాదు. తిట్లతో నిండిన ఉత్తరంలో కూడా ఒక్కోసారి మూడో పేరాలో "మీరు చూపిన పద్యం ఆ ఆశ్వాసంలో లేదు" అనే నిఖార్సయిన మాట ఉంటుంది. తిట్లు వదిలేసి ఆ ఒక్క వాక్యాన్ని వాదం కింద ఎక్కించండి. అట్లాగే మర్యాదగా రాసినదంతా వాదం కాదు.

పాఠదోషం చూపినవారికి

రెండు వారాల్లో జవాబు ఇవ్వాలి. మొదటి రోజే "అందింది, సరిచూస్తున్నాను, ఫలానా తేదీకి చెబుతాను" అని రెండు వరసలు రాయండి. సరిచూసి, విమర్శకుడిదే ఒప్పయితే దిద్దుబాటు ప్రకటన ఇలా ఉండాలి:

"87వ పుట, 2వ పేరా, 4వ వరస. అచ్చయినది: … ఉండవలసినది: … కారణం: మూలంలోని సమాసాన్ని షష్ఠీ తత్పురుషంగా తీసుకున్నాను, వ్యాఖ్య, సందర్భం రెండూ బహువ్రీహినే బలపరుస్తున్నాయి. దీనివల్ల 88వ పుటలోని రెండో వాదన నిలవదు, దాన్ని ఉపసంహరించుకుంటున్నాను. 5వ అధ్యాయం నిర్ణయం మిగతా మూడు ఆధారాల మీద నిలుస్తుంది. దోషం చూపినవారు: … తేదీ: …"

ఇందులో ఎక్కువమంది వదిలేసేది "దీనివల్ల" అనే భాగం. దోషాన్ని దిద్ది, దాని మీద కట్టిన వాదన ఏమైందో చెప్పకపోతే విమర్శ ఆగదు, ఆగకూడదు కూడా. జెఫ్రీ క్రిపాల్ 1995లో రామకృష్ణ పరమహంస మీద రాసిన పుస్తకం వ్యవహారం ఇందుకు మంచి ఉదాహరణ. 1998లో రెండో ముద్రణ వచ్చింది. 2000లో రామకృష్ణ మఠానికి చెందిన స్వామి త్యాగానంద బెంగాలీ మూలాన్ని పక్కన పెట్టుకుని, అనువాదాలను ఒక్కొక్కటే పరిశీలిస్తూ పెద్ద ఖండన రాశాడు. క్రిపాల్ కొన్ని అనువాద దోషాలు ఒప్పుకున్నాడు, ప్రధాన నిర్ణయాన్ని మాత్రం వదల్లేదు. వివాదం సద్దుమణగలేదు. 2010లో త్యాగానంద, ప్రవ్రాజిక వ్రజప్రాణ కలిసి దీని మీద ఏకంగా ఒక పుస్తకమే వేశారు. నిర్ణయం మాటల ఛాయల మీద ఆధారపడినప్పుడు, ఆ మాటల అర్థం మారాక కూడా నిర్ణయం ఎట్లా నిలుస్తుందో రచయితే విప్పి చెప్పాలి. ఆ భారాన్ని పాఠకుడి మీద వేయడానికి లేదు. ఇంకో సంగతి, త్యాగానంద ఖండన ఎట్లా రాయాలో నేర్చుకోవడానికి కూడా పనికొస్తుంది. ఊరేగింపు లేదు, దావా లేదు, మూలమూ దాని పక్కన అనువాదమూ, అంతే.

విమర్శకుడిదే తప్పయితే మూలం ఫోటో, ముద్రణ వివరాలు పంపండి, వ్యంగ్యం వద్దు. పదిలో తొమ్మిది మార్లు అది ముద్రణ తేడాయే అయి ఉంటుంది. ఇద్దరిదీ ఒప్పే అయితే, అంటే పాఠాంతరమైతే, రెండు పాఠాలూ ఇచ్చి మీరు ఒకదాన్ని ఎందుకు ఎంచుకున్నారో రాయండి.

అర్థం మీద పేచీ వస్తే

ఇక్కడ తగ్గనక్కర్లేదు, కానీ పద్ధతిగా జవాబివ్వాలి. వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు ఒక్కో ప్రశ్నను చర్చించే పద్ధతి అధికరణం, దానికన్నా మంచి అచ్చు దొరకదు. విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అని అయిదు అంగాలు. 1200 మాటల జవాబు అనుకుంటే, విషయానికి 100 మాటలు: ఏ పుటలో ఏ వాక్యం. సంశయానికి 100: రెండు అర్థాలు ఎట్లా సాధ్యం. పూర్వపక్షానికి 400: విమర్శకుడి వాదన, అతను చెప్పిన దానికన్నా బలంగా. సిద్ధాంతానికి 500. చివరి 100 సంగతికి: ఈ చర్చ పుస్తకం మొత్తంలో ఎక్కడ కూర్చుంటుంది, ఏది మారింది, ఏది మారలేదు.

పూర్వపక్షం రాయడమే కష్టం. రాశాక ఆ 400 మాటలూ విమర్శకుడికి పంపి, "ఇది మీ వాదనేనా, ఏమైనా వదిలేశానా?" అని అడగండి. వారం గడువు ఇవ్వండి. దీనివల్ల రెండు లాభాలు. మీరు అతని మాట వక్రీకరించారనే నింద ఉండదు. జల్పం చేసేవాడైతే జవాబే ఇవ్వడు, మీరు అడిగిన తేదీ రిజిస్టరులో మిగులుతుంది.

ఒకసారి జవాబు, దాని మీద ప్రత్యుత్తరం వస్తే ఇంకొకసారి. మూడోసారి కొత్త ఆధారం వస్తేనే. "భక్తుల నమ్మకాన్ని పరిశోధన కొలవలేదు" అనే అభ్యంతరానికి ఆధారాలతో జవాబు చెప్పబోకండి, అది ఆధారాల ప్రశ్న కాదు. పుస్తకం పరిధి ఏమిటో ఒక వాక్యంలో చెప్పి ఆపండి. మీరు గ్రంథ చరిత్ర రాశారు, ఆ దేవుడు ఉన్నాడా లేడా అన్నది తేల్చడానికి కూర్చోలేదు. ఈ గీతను మీరే పుస్తకంలో దాటి ఉంటే మాత్రం ఇప్పుడు దాని వెనక దాక్కోవడం కుదరదు.

నొచ్చుకున్నవారితో మాట్లాడవలసి వస్తే

నిజంగా నొచ్చుకున్నవారు ఉంటారు. వాళ్లను రాజకీయం చేసేవాళ్లతో కలిపి ఒకే గాటన కట్టడం అన్యాయం, తెలివితక్కువ కూడా. కలవడానికి ఒప్పుకోండి, షరతులతో. ఇంటి దగ్గర వద్దు, వాళ్ల మఠం లేదా చర్చి లేదా మసీదు ప్రాంగణంలో వద్దు. ఏ గ్రంథాలయం గదో, కాలేజీ గదో మేలు. ఒక్కో వైపు అయిదుగురికి మించకూడదు. ఎత్తబోయే పుటల సంఖ్యలు ముందే రాతలో కావాలి. వివాదం ఒక పేరా మీదే అయినా అధ్యాయం మొత్తం జిరాక్సు తీసి అందరి ముందూ పెట్టండి. రెండు వైపులా ఒక్కొక్కరు రాసుకోవాలి.

ఆ రోజు దేని మీదా సంతకం పెట్టవద్దు. తమిళ నవలాకారుడైనా పెరుమాళ్ మురుగన్ అనుభవం ఇక్కడ అందరికీ వర్తిస్తుంది. ఆయన నవల మీద గొడవ రేగాక 2015 జనవరిలో నామక్కల్ అధికారుల సమక్షంలో జరిగిన శాంతి సమావేశంలో ఆయన చేత బేషరతు క్షమాపణ రాయించారు. ఆ ఒప్పందానికి కట్టుబడి ఉండనక్కర్లేదని మద్రాసు హైకోర్టు చెప్పడానికి 2016 జులై వచ్చింది. ఆ ఏడాదిన్నర ఆయన రచయితగా చచ్చిపోయానని ప్రకటించుకుని గడిపాడు. అధికారి ఎంత మర్యాదగా ఒత్తిడి చేసినా "లాయరుకు చూపించి రెండు రోజుల్లో రాతలో చెబుతాను" అన్న మాట దగ్గరే నిలబడండి.

క్షమాపణ దేనికి చెప్పాలి? తప్పుడు వాస్తవానికి. అవసరం లేకుండా వాడిన ఎకసెక్కపు మాటకు. అనుమతి లేకుండా వేసిన గర్భగుడి ఫోటోకో, బయటికి చెప్పకూడదని చెప్పి ఒప్పగించిన ఆచార వివరానికో. నిర్ణయానికి మాత్రం వద్దు. "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించండి" అనే వాక్యాన్ని నిఘంటువులోంచే తీసేయండి. ఆ "ఉంటే" అన్నది నొచ్చుకున్నవారిని ఇంకా రేపుతుంది, నొచ్చుకోనివారికి మీరు తప్పు ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది.

టీవీ చర్చలకు పోవద్దన్నదే మా సలహా. నలుగురు ఒకేసారి అరిచే పెట్టెలో పాదసూచిక చదవడం ఎవరి వల్లా కాదు. తప్పదనుకుంటే రికార్డు చేసిన ముఖాముఖికి, పూర్తి నిడివి ప్రసారం చేస్తామని రాసిస్తే వెళ్లండి.

నోటీసు, దావా, కేసు

లాయరు నోటీసు వస్తే కంగారు పడనక్కర్లేదు, మీరే జవాబు రాయవద్దు. కవరుతో సహా లాయరుకు ఇవ్వండి. నోటీసులో ఎత్తిన ప్రతి పుటకూ ఆధారాల పట్టికలోని వరస జతచేస్తే ఆయన పని సగం అయిపోతుంది.

దావా వేస్తామని ఎవరైనా రాతలో హెచ్చరిస్తే కేవియట్ సంగతి అడగండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ సెక్షన్ కింద కేవియట్ దాఖలు చేస్తే, మీకు చెప్పకుండా ఏకపక్షంగా ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) ఇచ్చే అవకాశం తగ్గుతుంది. దావా వేస్తారనుకున్నవారికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. దాని ఆయుష్షు 90 రోజులు, ఆ తర్వాత మళ్లీ వేయాలి. ప్రచురణకర్త చేత కూడా వేయించండి. ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. ప్రాచీన భారతంలో గోమాంస భక్షణ మీద డి.ఎన్. ఝా రాసిన పుస్తకాన్ని 2001లో ఆపింది హైదరాబాదు సివిల్ కోర్టు ఉత్తర్వే. రచయిత దిల్లీలో ఉన్నాడు, దావా ఇక్కడ పడింది.

క్రిమినల్ వైపు, 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతిలోని 295ఎ (మతాన్ని అవమానించడం) స్థానంలో భారతీయ న్యాయ సంహిత 299, 153ఎ (వర్గాల మధ్య శత్రుత్వం రేపడం) స్థానంలో 196 వచ్చాయి. 299 కింద మూడేళ్ల దాకా శిక్ష, వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా రాదు. కానీ నేరం కావాలంటే ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానించి ఉండాలి. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ గీతే గీసింది. లేన్ పుస్తకం కేసులో పుస్తకాన్ని మొత్తంగా చూడాలి, అక్కడొక వాక్యం ఇక్కడొక వాక్యం ఏరి కలపకూడదని చెప్పింది. మీ ఆధారాల పట్టిక, దిద్దుబాటు ప్రకటనలు, పూర్వపక్షం పంపిన ఉత్తరాలు అన్నీ మీకు దురుద్దేశం లేదనడానికి సాక్ష్యాలే.

ఎఫ్‌ఐఆర్ పడ్డాక ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు ఈ నేరాలను విచారణకు స్వీకరించకూడదు (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 217, దీని తర్వాత చెప్పే సెక్షన్లూ అందులోవే). ఏడేళ్ల లోపు శిక్ష కాబట్టి మామూలుగా పోలీసులు 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. నోటీసుకు తప్పక హాజరవండి, హాజరుకాకపోతే అరెస్టుకు మీరే కారణం చూపినట్టు. ముందస్తు బెయిలు ఇప్పుడు 482, కేసు కొట్టేయించుకునే పిటిషన్ 528. పాత చట్టంలో 482 అంటే కేసు కొట్టివేత కాబట్టి ఫోనులో మాట్లాడుకునేటప్పుడు ఏ 482 అన్నది అడిగి తెలుసుకోండి.

రాష్ట్ర ప్రభుత్వం పుస్తకాన్ని జప్తు చేస్తే (98) గెజెట్‌లో వచ్చిన రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్లాలి (99). ముగ్గురు జడ్జిల ధర్మాసనం వింటుంది. గడువు కరిగిపోవడమే ఇక్కడ పెద్ద ప్రమాదం. జప్తు ఉత్తర్వులో ప్రభుత్వం తన అభిప్రాయానికి కారణాలు చెప్పాలి. పెరియార్ రామాయణ విమర్శ హిందీ అనువాదాన్ని ఉత్తరప్రదేశ్ జప్తు చేసినప్పుడు ఆ కారణాలు లేకపోవడం వల్లే 1976లో సుప్రీంకోర్టులో ప్రభుత్వం ఓడింది. కాబట్టి లాయరుతో ముందు చదివించవలసింది ఉత్తర్వునే.

బెదిరింపులకు ఆ వేరే ఫైలు. ఫోను నంబరు, సమయం, మాటలు అప్పటికప్పుడు రాయండి. సందేశాలు తొలగించకండి, ఫోను మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమం 63 కింద ధ్రువపత్రం జతచేయాలి, దానికి అసలు పరికరం అవసరపడుతుంది. పోలీసు ఫిర్యాదు రాతలో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇంటి చిరునామా ఉన్న పాత విజిటింగ్ కార్డులు, ముందుమాట చివర సంతకం కింద ఊరి పేరు లాంటివి తదుపరి ముద్రణలో తీసేయండి. కృతజ్ఞతల్లో పేరున్న ప్రతి ఒక్కరికీ ఆ రోజే ఫోను చేసి చెప్పండి.

రెండో ముద్రణ

అమ్ముడుపోని ప్రతుల్లో తప్పొప్పుల పట్టిక కాగితం అతికించమని ప్రచురణకర్తకు చెప్పండి. ఊరికే లోపల పెడితే మొదటి పాఠకుడి చేతిలోనే జారిపోతుంది. రెండో ముద్రణలో వీలైనంతవరకు పుట సంఖ్యలు మారకుండా చూసుకోండి. మారితే విమర్శకుల వ్యాసాల్లోని సూచనలన్నీ గాలిలో వేలాడతాయి, మీరు కావాలనే చెరిపేశారంటారు. ముందుమాటలో దిద్దిన పుటల జాబితా, తేదీలతో, దోషం చూపినవారి పేర్లతో ఇవ్వండి. వాళ్లలో మిమ్మల్ని తిట్టినవారున్నా సరే. వాళ్లందరికీ తలా ఒక ప్రతి పంపండి. మొదటి ముద్రణ ప్రతులు రెండు మాత్రం గీతలు పడకుండా విడిగా తీసి పెట్టండి. కోర్టు చూసేది వివాదం రేగిన నాటి పాఠాన్నే, దిద్దిన పాఠాన్ని కాదు.